ఈస్టర్‌కి లిల్లీ బ్యాడ్జి పెట్టుకోవచ్చా?

కార్క్_కొత్తోడు: ఐర్లండ్‌లోని కార్క్ వచ్చి ఏడాది కూడా కాలేదండి. మొన్న ఈస్టర్ ముందు ఆఫీసులో ఒకాయన కోటుకి తెల్ల లిల్లీ పువ్వు బ్యాడ్జి పెట్టుకొచ్చారు. ఆకుపచ్చ, తెలుపు, నారింజ. బాగుందన్నాను, జేబులోంచి ఇంకోటి తీసి ఇచ్చేశారు. పక్క సీటావిడ అది చూసి మొహం మాడ్చుకుని లేచి వెళ్లిపోయింది. జెండా రంగులే కదా, గొడవేముంది? టీమ్ లంచ్‌కి పెట్టుకెళ్లొచ్చా?

సాయి_డబ్లిన్: పెట్టుకో బ్రో. మన ఆగస్టు 15 బ్యాడ్జి లాంటిదే.

పాతకాపు: సాయి మాట విని వెళ్లకండి. ఆగస్టు 15 బ్యాడ్జి పెట్టుకుంటే నువ్వే పార్టీ అని ఎవరూ అడగరు. దీనికి అడుగుతారు, పైకి కాకపోయినా మనసులో.

1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో పోయినవాళ్ల గుర్తుగా 1926లో దీన్ని మొదలుపెట్టింది కుమన్ నా మాన్ అనే మహిళా సంస్థ. అప్పటికే బ్రిటన్‌తో ఒప్పందం మీద ఐరిష్ వాళ్లలో వాళ్లకే అంతర్యుద్ధం జరిగిపోయింది. 1921లో చేసుకున్న ఆ ఒప్పందాన్ని వీళ్లు ఒప్పుకోలేదు. అంటే పుట్టుకలోనే ఇది ఒక పక్షం పువ్వు. ఒప్పందాన్ని వ్యతిరేకించిన నాయకుడు డి వలేరా పార్టీ వాళ్లు కొన్నాళ్లు పెట్టుకుని, అధికారంలోకి వచ్చాక మానేసి, టార్చ్ బొమ్మ బ్యాడ్జి తెచ్చారు. అది నిలవలేదు. తర్వాత ఐఆర్‌ఏ అనే సాయుధ సంస్థ అఫీషియల్స్, ప్రొవిజనల్స్ అని రెండుగా చీలితే, అఫీషియల్స్ వెనక జిగురున్న లిల్లీ అంటించుకునేవాళ్లు, ప్రొవిజనల్స్ గుండుసూదితో గుచ్చుకునేవాళ్లు. అఫీషియల్స్‌కి ‘స్టికీలు’ అన్న పేరు అలా వచ్చిందే. ఉత్తర ఐర్లండ్‌లో ఐఆర్‌ఏ బాంబుల కాలం చూసినవాళ్లకి ఈ పువ్వు చూస్తే ఏం గుర్తొస్తుందో మనం ఊహించలేం. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి.

మీరున్న కౌంటీలోనే చూడండి. 1920 నవంబర్ 28న కిల్‌మైకేల్ దగ్గర టామ్ బారీ ఐఆర్‌ఏ దళం మాటు వేసి రెండు లారీల ఆగ్జిలరీలను, అంటే బ్రిటిష్ వాళ్ల సాయుధ పోలీసులను, దెబ్బకొట్టింది. అటు 17 మంది, ఇటు ముగ్గురు పోయారు. తమాషా ఏంటంటే, ఈ బారీ అంతకుముందు బ్రిటిష్ సైన్యంలో మెసొపొటేమియాలో పనిచేసినవాడు. ఆగ్జిలరీలు లొంగిపోతున్నట్టు నటించి మళ్లీ కాల్చారు, అందుకే వదల్లేదని ఆయన మాట. అదంతా కల్పన, లొంగినవాళ్లనే చంపారని ఇంకో వాదన. వందేళ్లు దాటినా చరిత్రకారులు తెంచుకోలేదు. ఆ తర్వాత రెండేళ్లయినా తిరక్కుండానే, 1922 ఆగస్టు 22న, అదే వెస్ట్ కార్క్‌లో బేల్ నా బ్లా దగ్గర ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన మైకేల్ కాలిన్స్‌ని కాల్చింది ఒకప్పుడు ఆయన వైపే ఉన్నవాళ్లు.

లంచ్‌కి వద్దు. బ్యాడ్జి ఇచ్చినాయన్ని టీ దగ్గర పట్టుకోండి. వాళ్ల తాతది ఏ పక్షమని మాత్రం మీరుగా అడగొద్దు, ఆయనే చెప్తాడు.

బరంపురం_అమ్మాయి: మన వి.వి. గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఆయన చేరిన యూనివర్సిటీ కాలేజీలోనే థామస్ మెక్‌డొనా ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు. ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకరైన మెక్‌డొనాని బ్రిటిష్ వాళ్లు 1916 మే 3న కాల్చి చంపారు. గిరి గారిని కూడా ఆ ఏడే దేశం వదిలి పొమ్మన్నారు. మనకెందుకులే అనుకోకుండా చదవండి, పెట్టుకోవడం మానడం మీ ఇష్టం.

కార్క్_కొత్తోడు: థాంక్సండి పాతకాపు గారూ. డ్రాయర్లో పెట్టేశా. ఈ శనివారం కిల్‌మైకేల్ వెళ్దామనుకుంటున్నా, ఎటు వెళ్లాలి?

పాతకాపు: మాక్రూమ్ నుంచి డన్‌మాన్‌వే వెళ్లే రోడ్డు. స్మారకం దారి పక్కనే ఉంటుంది. వాన కోటు పట్టుకెళ్లండి.