గణపతిదేవుడు వినాయకుడైపోతే? చరిత్ర పాడ్‌కాస్ట్ రికార్డింగులో నవ్వు తెప్పించే తప్పులు

ఓరుగల్లు మైకు (ప్రశ్న):
కాకతీయుల మీద ఆరు ఎపిసోడ్లు, ఇద్దరు మాట్లాడుకునే పద్ధతి. గదిలో రెండు మైకులు, ఒక ల్యాప్‌టాప్. "క్రీ.శ. 1323లో ఓరుగల్లు పడిపోయింది" అనాల్సిన చోట నోటికి "క్రీస్తు పూర్వం" వచ్చేస్తుంది. చదివేవాళ్లూ గమనించరు, పక్కవాళ్లూ గమనించరు. ఒకవేళ గమనిస్తే నవ్వు ఆగదు, తర్వాత పది నిమిషాల రికార్డింగు పనికిరాదు. ఇలాంటివి అక్కడికక్కడే పట్టుకోవడం ఎలా? నవ్వొచ్చాక మళ్లీ ఎక్కడి నుంచి అందుకోవాలి?

శాసనాల పిచ్చి:
క్రీ.పూ. 1323 అంటే ఇంచుమించు ఈజిప్టు టుటన్‌ఖామన్ పోయిన కాలమండీ! ప్రతాపరుద్రుణ్ణి పిరమిడ్ల పక్కన కూర్చోబెట్టినట్టే. ఇందులో నోటి తప్పు తక్కువ, స్క్రిప్టు తప్పే ఎక్కువ. "క్రీ.శ.", "క్రీ.పూ." అనే పొట్టి రూపాలు చదివే వేగంలో ఒకేలా కనిపిస్తాయి. కాకతీయుల కథలో క్రీ.పూ. అవసరమే రాదు కనుక రెండూ కొట్టేసి, సంవత్సరాన్ని అక్షరాల్లో రాసుకోండి: "పదమూడు వందల ఇరవై మూడు".

రెండోది మాటల మధ్య ఖాళీ. "గణపతిదేవుడు" అని కలిపి రాయాల్సిన కాకతీయ రాజు పేరు "గణపతి దేవుడు" అని విడిపోతే, చదివేవాళ్లు మధ్యలో ఊపిరి తీసుకుంటారు. అప్పుడు మోటుపల్లి రేవు వర్తకులకు అభయమిచ్చింది సాక్షాత్తూ వినాయకుడని వినబడుతుంది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కోబోమని దేవుడే హామీ ఇస్తే ఇంకేం కావాలి!

అసలు చిక్కు రుద్రుళ్లతో. వేయిస్తంభాల గుడి కట్టించింది రుద్రదేవుడు, రామప్ప గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు, చివరి రాజు ప్రతాపరుద్రుడు. మొదటి రుద్రదేవుణ్ణి కూడా కొందరు ప్రతాపరుద్రుడనే రాస్తారు. ఇది చాలదన్నట్టు, శాసనాల్లో రుద్రమదేవి "రుద్రదేవ మహారాజు"గా కనిపిస్తుంది. అందుకే "అతను" అన్న నోటితోనే మరుక్షణం "ఆమె" అంటారు. ప్రతి రుద్రుడికీ ఒక గుర్తు అతికించి ఎపిసోడంతా అదే వాడండి: "గుడి రుద్రదేవుడు", "రామప్ప రుద్రుడు", "చివరి ప్రతాపరుద్రుడు".

శక సంవత్సరాలు కూడా చూసుకోండి. రుద్రమ మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం శక 1211, మార్గశిరం. 78 కలిపితే మన లెక్కలో 1289. కలపకుండా చదివేస్తే, తండ్రి గణపతిదేవుడు 1199లో పట్టానికొచ్చిన పన్నెండేళ్లకే కూతురు పోయినట్టవుతుంది. ఇంకో మెలిక: వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, మాఘం. 78 కలిపితే 1162 వస్తుంది గానీ, సరైనది 1163 జనవరి. శక ఏడాది చైత్రంలో మొదలవుతుంది కాబట్టి, జనవరి మొదలయ్యాక, చైత్రం లోపు పడే తిథులకు 79 కలపాలి.

ఎడిటింగ్ బల్ల:
శాసనాల పిచ్చి గారి సలహా బాగుంది గానీ, శాతవాహనుల దగ్గరికెళ్తే క్రీ.పూ. తప్పదు. అక్కడ "క్రీస్తుకు ముందు" అని పూర్తిగా, ఎర్ర రంగులో రాసుకోవాలి.

ఇక మెషీను తప్పులు. నాయిస్ గేటు (మెల్లని శబ్దాల్ని మూసేసే సెట్టింగు) గట్టిగా పెడితే మాట మొదట్లో ఉండే మెత్తని "శ", "స" కోసుకుపోతాయి. "శాసనం వేయించాడు" కాస్తా "ఆసనం వేయించాడు" అవుతుంది, చరిత్ర ఎపిసోడ్ యోగా క్లాసవుతుంది. గేటు తీసేయండి. నాయిస్ రిడక్షన్ (వెనకాల గోలను తగ్గించేది) 6–8 డెసిబెల్స్ (డీబీ) దాటనివ్వకండి. అంతకంటే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి.

44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (అంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తూ) రికార్డయిన ఫైలును 48గా లెక్కేసి ఆడిస్తే గొంతు దాదాపు ఒకటిన్నర సెమీటోన్ (అర స్వరం) పైకెక్కుతుంది, గంట ఎపిసోడ్ 55 నిమిషాలకు కుదించుకుపోతుంది. ముట్టడి వర్ణన చిన్నపిల్లాడు చెప్పినట్టుంటుంది. మైకులు, సాఫ్ట్‌వేరు అన్నీ ముందే 48కి పెట్టుకుంటే ఈ గొడవుండదు.

"ప్రోలరాజు", "ప్రతాపరుద్రుడు", "భీముడు" అన్న ప్రతిసారీ మైకులో "ధబ్" మంటుంది. పాప్ ఫిల్టరు (నోటి గాలి తాకిడిని ఆపే జాలీ తెర) మైకుకు నాలుగైదు సెంటీమీటర్ల ముందు, నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరం. నోరు మైకుకు సూటిగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి.

ఓరుగల్లు మైకు:
రుద్రుళ్ల గుర్తులు స్క్రిప్టులో పెట్టేస్తున్నానండీ, థాంక్స్. నవ్వు సంగతి చెప్పనే లేదు!

ఎడిటింగ్ బల్ల:
తప్పు దొర్లగానే మైకు దగ్గర రెండు చప్పట్లు కొట్టండి. వేవ్‌ఫారంలో (తెర మీద ధ్వని గీతలో) రెండు మేకుల్లా నిలబడతాయి, వెతుక్కునే పనుండదు. నవ్వు తగ్గాక ఇరవై సెకన్లు ఆగి, మంచినీళ్లు తాగి, తప్పిన మాట నుంచి కాదు, దాని ముందు వాక్యం మొదటి నుంచి అందుకోండి. నవ్విన గొంతు కాసేపు పైస్థాయిలో ఉంటుంది, మధ్యలో అతికితే అతుకు తెలిసిపోతుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు కాబట్టి ఒకరి నవ్వు రెండో మైకులోనూ పడుతుంది, కోసేటప్పుడు రెండు ట్రాకులూ కలిపి కోయాలి. కోసిన చోట నింపడానికి, మొదట్లోనే ముప్ఫై సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దం రికార్డు చేసి ఉంచుకోండి. కుక్కరు ఎక్కించకముందే సుమా.

ఈ నవ్వులన్నీ కలిపి చివర్లో బోనస్‌గా పెట్టాలనుకుంటే మాత్రం రికార్డింగు లెవెలు మైనస్ 12 డీబీ దగ్గర కాకుండా మైనస్ 18 దగ్గర పెట్టండి. నవ్వు మామూలు మాట కంటే పది డీబీ పైకి ఎగిరినా శబ్దం పగిలినట్టు వినబడదు.