‘మోహరమునఁ దా’లో ఆ ‘తా’ ఎవరు?

అరసున్న: విండోస్, మాక్, లినక్స్ మూడింటి మీదా నడిచే ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విడుదల విశేషాలను తెలుగు చేస్తున్నాను. ఈసారి అందులోంచి బయటివాళ్ల లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడు) ఒకదాన్ని తీసేశారు. పైన ‘అక్కరకు రాని చుట్టము’ పద్యం వేద్దామనుకుంటే రెండో పాదం చివర నాలుక తడబడుతోంది. ‘మోహరమున నెక్కిన’ అని నోటికి వస్తోంది. మధ్యలో ‘తా’ ఉందా? ఉంటే ఎవరా ‘తా’?

గణపరీక్ష: ఉండి తీరాలి. ‘మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా నెక్కినఁ బాఱని గుఱ్ఱము’ కదా. రెండో పాదం గణాలు చూడండి. మ్రొక్కిన, వరమీ, నివేల్పు, మోహర, మునఁ దా: భ, స, జ, భ, స. ‘తా’ ఊడబెరికితే ‘మున’ అని రెండు లఘువులు మిగులుతాయి. కందంలో రెండో పాదం గురువుతో ముగియాలి కదా. అర్థం కోసం వెతక్కండి. పాదపూరణం, అంటే పాదం నింపడానికి వేసిన మాట, అంతే.

ఎగువకాలువ: అక్కర్లేదనుకున్నది తీస్తే మొత్తం కూలడమంటే 2016 మార్చి గుర్తొస్తోంది. లెఫ్ట్‌ప్యాడ్ అని 11 లైన్ల జావాస్క్రిప్ట్ ఉండేది. దాని పని పదానికి ఎడమ పక్కన ఖాళీలో సున్నాలో చేర్చి కావలసిన పొడవుకు తేవడమే. రాసినాయన దాన్ని జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి అయిన ఎన్‌పీఎం నుంచి తీసేయగానే, దాని పేరైనా వినని ప్రాజెక్టుల బిల్డులు కూడా ఆగిపోయాయి. 2017 ప్రమాణంలో జావాస్క్రిప్ట్ భాషలోకే ‘ప్యాడ్‌స్టార్ట్’ వచ్చింది, అది వేరే సంగతి. గణపరీక్ష గారి పాదపూరణం కూడా అచ్చంగా ప్యాడింగే.

బండి ఱ: పాదపూరణమని తేల్చేయడం ఛందస్సు వచ్చినవారికి అలవాటు. కాస్త వ్యాకరణం కూడా చూడండి. ‘ఎక్కినఁ బాఱని’ అన్నచోట అరసున్నా ఉంది, ‘పా’ కాస్తా ‘బా’ అయింది. అంటే అది ‘ఎక్కినన్’, చేదర్థకం. ఎక్కితే అన్నాక ఎక్కేవాడొకడు ఉండాలి. వాడే ‘తా’. పద్యం వేసేటట్టయితే ‘పాఱని’, ‘గుఱ్ఱము’ రెండింటిలోనూ బండి ఱలు ఉంచండి దయచేసి.

గణపరీక్ష: మరి ‘మ్రొక్కిన వరమీని వేల్పు’లో మొక్కేవాడు ఏడీ? అదీ ‘మ్రొక్కినన్’ కదా. అక్కడ కర్త లేకుండానే వాక్యం సాగిపోయింది. గుర్రం దగ్గరకు వచ్చేసరికి మాత్రం కర్త అవసరపడిందా? అవసరపడింది గురువు.

మూడో రౌతు: మీ ఇద్దరికీ తట్టని దారి ఒకటుంది. ‘తా’ అంటే గుర్రమే. ‘మోహరమునఁ దా బాఱని గుఱ్ఱము’ అని అన్వయించుకోండి, నడుమ ‘ఎక్కినన్’. అరసున్న గారికి ఇదే పనికొస్తుంది. ‘తా’ రౌతయితే ఎక్కడం రాని తప్పు మనదేమో అన్న అనుమానం ఉండిపోతుంది. గుర్రమయితే తప్పంతా లైబ్రరీదే.

బండి ఱ: దూరాన్వయం.

మూడో రౌతు: దూరాన్వయం లేని శతకం ఒక్కటి చూపించండి.

ఎగువకాలువ: అసలు ‘పాఱు’కు పలాయనమనే అర్థం కూడా ఉంది. యుద్ధంలో పారిపోని గుర్రాన్ని వదిలేయమంటాడా సుమతికారుడు?

బండి ఱ: అదే శతకంలో ‘ఎప్పుడు నెడతెగక పాఱు నేఱును’ ఉంది. ఏరు పలాయనం చిత్తగిస్తోందా? సాగడమే అసలు అర్థం, పారిపోవడం సందర్భాన్ని బట్టి.

ఎగువకాలువ: మంచి పద్యం గుర్తుచేశారు. అప్పిచ్చువాడు, వైద్యుడు, ఎడతెగని ఏరు, ద్విజుడు ఉన్న ఊళ్లోనే ఉండమన్నాడు. లైబ్రరీని ఎంచుకునేటప్పుడు చూడవలసింది కూడా ఆ ఏరే: ఎగువ నుంచి సవరణలు వస్తున్నాయా, ఎండిపోయిందా అని. తెలుగు అక్షరాలకే తగిలిన ఉదాహరణ ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీలోని లేఅవుట్ ఇంజిన్. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుణింతం ఏ హల్లుకు తగలాలో లెక్కగట్టేది అదే. లిబ్రెఆఫీస్ లినక్స్‌లో దాన్నీ, విండోస్‌లో యూనిస్క్రైబ్‌నూ, మాక్‌లో కోర్‌టెక్స్ట్‌నూ నమ్ముకునేది. ఒకే పత్రానికి ముగ్గురు తీర్పరులు! 2013లో లిబ్రెఆఫీస్ 4.1తో లినక్స్‌లో అదే పని చేసే హార్ఫ్‌బజ్ వచ్చింది, 2017 ఫిబ్రవరిలో 5.3తో మూడు చోట్లా అదే అయింది. ఈలోగా ఐసీయూ వాళ్లే 54వ విడుదలలో ఆ ఇంజిన్‌కు సెలవు ప్రకటించి, 58వ విడుదలలో తీసేశారు.

అరసున్న: అంటే ఏళ్లు పట్టింది. అయితే ‘గ్రక్కున విడువంగవలయు’ అనడం అబద్ధమవుతుందే. ‘మెల్లగ విడువంగవలయు’ అని మార్చుకోవచ్చా?

గణపరీక్ష: గణం సరిపోతుంది. కానీ క్క ప్రాస పోతుంది, ‘గదరా’తో యతీ పోతుంది. ఒక్క మాట మారిస్తే రెండు చోట్ల విరిగింది. మీ సాఫ్ట్‌వేర్‌వాళ్లకు ఇది కొత్త కాదనుకుంటాను.

ఎగువకాలువ: గ్రక్కున వదలవలసినవీ ఉన్నాయి. చుట్టం కన్నా చుట్టపు చుట్టం ప్రమాదం. దూరపు కంప్యూటర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్‌తో ఏ పనీ లేదు. డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ పంపిణీలు ‘నేను సిద్ధం’ అని, సేవలను నడిపించే సిస్టమ్‌డీకి చెప్పించడానికి దాని లైబ్రరీ లిబ్‌సిస్టమ్‌డీని అతికించాయి. దాని వెంట ఎక్స్‌జెడ్ లైబ్రరీ లోపలికి నడిచి వచ్చింది. ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1లలో దొంగదారి పెట్టింది ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి సహ నిర్వాహకుడైనవాడే. లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వి చూడబట్టి 2024 మార్చి 29న లోకానికి తెలిసింది. ఇంతకీ ఆ అతుకుతో కావలసిన పని ఎంత? సిస్టమ్‌డీ కబుర్లు అందుకునే నోటిఫై సాకెట్ ఎక్కడుందో చదివి, దానికి ‘రెడీ=1’ అని ఒక్క ముక్క పంపడం. ఆ జూలైలోనే వచ్చిన 9.8లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌వాళ్లు దాన్ని లిబ్‌సిస్టమ్‌డీ ఊసు లేకుండా తామే రాసుకున్నారు.

మకరిబారి: మీరంతా సుమతి దగ్గరే ఆగిపోయారు. ఆధారపడటం గురించి పోతన చెప్పాక ఇంకెవరు చెప్పాలి? ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’: రెండో దారి లేదని ఏనుగు ఒప్పేసుకుంది. అంతకు ముందు అదే నోటితో ‘కలఁడు కలండనెడువాఁడు గలఁడో లేఁడో’ అంది. లైబ్రరీ నిర్వాహకుడికి ఉత్తరం రాసి జవాబు కోసం చూసేవాళ్లు రోజూ అనుకునేది ఇదే. ఆ ‘గలఁడో లేఁడో’లో రెండు ‘డో’లు ఎంత బరువున్నాయో ఒకసారి పైకి చదివి చూడండి. భక్తుడి అనుమానాన్ని అంత హాయిగా పద్యంలో ఉండనిచ్చిన కవి మరొకడు లేడు.

బండి ఱ: ‘బెఱుగ’లోనూ బండి ఱ ఉంది, చూశారుగా.

గణపరీక్ష: ‘కలఁ డందురు’ కూడా కందమే. నాలుగు పాదాలూ ‘కల’తోనే మొదలైనా ఎక్కడా పూరణం అనిపించదు. సుమతికారుడికీ పోతనకూ తేడా అది.

మూడో రౌతు: సుమతికారుడిని అంత తేలిక చేయకండి. చుట్టం, వేల్పు, గుర్రం అని మూడింటిని ఒకే తాడున కట్టి చివరి పాదంలో ఒక్క క్రియతో వదిలించాడు. మీకు ‘తా’ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

అరసున్న: నేను మొదటి పాదం మాత్రమే వేస్తున్నాను. ‘తా’ ఉన్న పాదం ఇక్కడే ఉండనివ్వండి.

గణపరీక్ష: పాదం తుంచి వేయడం కన్నా వేయకపోవడం మేలు.

మకరిబారి: ఆయన వేసుకోనివ్వండి. నాకు వేరే సందేహం ఉంది. మోహరమంటే యుద్ధమా, సేనా? పత్రికల్లో ‘సరిహద్దులో బలగాలను మోహరించారు’ అని రాసినప్పుడు పోరు ఇంకా మొదలుకానట్టే. బారులు తీరి నిలబడ్డ చోట గుర్రం పారకపోతే అది తప్పెలా అవుతుంది?

బండి ఱ: దానికి వేరే చర్చ తెరవండి. నేను నిఘంటువు తీసుకుని వస్తాను.