బుడమేరు ఎగువ వాన: శాటిలైట్ లెక్కను ఎంతవరకు నమ్మొచ్చు?

సింగ్‌నగర్_వాసి (విజయవాడ):
ఇక్కడ చినుకు పడకపోయినా మైలవరం, జి.కొండూరు వైపు దంచి కొడితే బుడమేరు వాగు నీళ్లు మా మీదికే వస్తాయి. నాసా ఐమెర్జ్ డేటా (శాటిలైట్లతో కట్టే వాన లెక్క) చూసి సరుకులు, బండ్లు ఎప్పుడు మెరకకు చేర్చాలో తేల్చుకోవచ్చా? అరగంట ఫైళ్లు కూడితే రెయిన్‌గేజ్ లెక్కకు దాదాపు రెట్టింపు వస్తోంది.

వాన_లెక్కలు (గుంటూరు):
రెట్టింపు ఎందుకొస్తోందంటే, ఆ ఫైల్లో ఉండేది గంటకు ఇన్ని మి.మీ. అనే వేగమండీ, కురిసిన మొత్తం కాదు. 6, 10, 4 అని వరుసగా మూడు విలువలుంటే వాన 20 కాదు, 10 మి.మీ. ప్రతిదాన్నీ 0.5తో గుణించి కూడండి.

రోజువారీ ఫైలు జోలికి పోవద్దు. దాని రోజు మన టైములో పొద్దున 5:30కి మొదలవుతుంది, వాతావరణ శాఖ రోజు 8:30కి. ఆ మూడు గంటల వాన వేరే తేదీలో పడిపోతుంది.

ఆ డేటా నేలను గడులుగా విడదీసి ఒక్కోదానికి ఒక్కో విలువ ఇస్తుంది, ఒక్క గడి చూసి నిర్ణయించకండి. 80.4–80.8 తూర్పు, 16.6–17.0 ఉత్తరం మధ్య 16 గడుల సగటు తీయండి. గడి సుమారు 11 కి.మీ. పొడవు, దాని మీద 100 మి.మీ. కురిస్తే 0.4 టీఎంసీ. అందులో ఎంత పారుతుందనేది నేల తడిని బట్టి, కాబట్టి వెనకటి 5 రోజుల మొత్తం పక్కనే రాసుకోండి.

సింగ్‌నగర్_వాసి:
మరి ఎన్ని మి.మీ. దాటితే కదలాలి?

కాలువగట్టు (విజయవాడ):
ఆ అంకె మీరే కట్టుకోవాలండీ. బుడమేరు ముంపు తెచ్చిన 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1కీ, గట్టి వాన పడినా ముంపు రాని రోజులకీ 24 గంటల, 5 రోజుల మొత్తాలు తీసి పట్టిక వేయండి. ముంపు తెచ్చిన అంకెకు బాగా కిందే గీత పెట్టుకోండి. పాత రోజులకూ ఐమెర్జ్ ముందుగా ఇచ్చే తొలి లెక్క, అంటే ఎర్లీ రన్నే వాడాలి. ఫైనల్ రన్ గేజ్‌లతో సరిచేసింది, నెలల తర్వాత వస్తుంది. దాంతో గీత గీసి ఎర్లీతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

ఎర్లీ కూడా సుమారు 4 గంటలు ఆలస్యమే. ఆ ఖాళీకి మచిలీపట్నం డాప్లర్ రాడార్, మండల గేజ్‌లు చూడండి. నేల మీద పడే వానను శాటిలైట్‌లోని మైక్రోవేవ్ సెన్సర్ ఎక్కువగా మేఘంలోని మంచును బట్టే లెక్క కడుతుంది, తక్కువ ఎత్తు మేఘాల వాన దానికి సరిగా అందదు. శాటిలైట్ తక్కువ చూపిందని ఆగొద్దు, ఎక్కువ చూపితే మాత్రం వెంటనే కదలండి.

ఇంకొకటి, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఎంతుందో చూడకుండా వాన ఒక్కటే చూడకండి. 2024లో అక్కడ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత ఎత్తున ఉంటే వెలగలేరు దగ్గర బుడమేరు నుంచి కృష్ణకు మళ్లించిన నీరు అందులో కలవదు, వెనక్కి తంతుంది. అలాంటప్పుడు మీ గీతలో సగం వానకే బండ్లు తీసేయండి.