జీఆర్ 86 కంపెనీ రిమ్ములకి 235 టైర్లు వేయొచ్చా?

రావులపాలెం86:
అందరికీ నమస్తే. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. కారు 2023 టయోటా జీఆర్ 86 ప్రీమియం, మాన్యువల్. అది కొన్న రోజు నుంచి మా ఆవిడ రెండు నెలలు ముభావంగా ఉంది, ఆ సంగతి వేరే. కారుతో వచ్చిన పైలట్ స్పోర్ట్ 4 టైర్లు (215/40ఆర్18, అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు) 22 వేల మైళ్లకి వెనక రెండూ నున్నగా అయిపోయాయి. ఎలాగూ నాలుగూ మారుస్తున్నాను కదా, కాస్త వెడల్పువి వేద్దామని ఆశ. ఈ కారుని వెనక నుంచి చూస్తే సైకిల్ టైర్లు వేసినట్టుంటుంది.

రిమ్ములు మార్చే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు, కాబట్టి కంపెనీవే ఉంటాయి: 18 అంగుళాలు, వెడల్పు 7.5, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీత నుంచి బిగించే చోటుకి దూరం) 48 మిల్లీమీటర్లు. ఒక షాపులో 235/40 అడిగితే కౌంటర్ కుర్రాడు కంప్యూటర్ చూసి ఈ రిమ్ముకి మేం ఎక్కించం అన్నాడు. రోడ్డుకి అవతల షాపువాడు చెయ్యి ఊపి, ఏం కాదు, తీసుకురా అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? నెలకోసారి ఆటోక్రాస్‌కి (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య టైము పెట్టి ఒక్కో కారూ నడిపే పోటీ) వెళ్తాను. మిగతా రోజులన్నీ ఆఫీసు, పిల్లాడి బడి, ఇండియన్ స్టోరు.

వంపులరాజా:
వేసెయ్ బ్రో. నా పాత 86 కి వేశా, ఏడాది తిరిగా, ఏం కాలేదు.

గ్రీజుచేతులు:
"ఏం కాలేదు" అనేవాళ్ల మాట మీద టైర్లు కొనకు తమ్ముడూ. రాజా, నిన్ను కాదులే.

ఎక్కుతుందా అంటే ఎక్కుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న గడ్డపారలతో లారీ టైర్లు ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి, ఎక్కని టైరు నేను చూళ్లేదు. ఎక్కాక ఎలా కూర్చుంటుందనేది చూసుకోవాలి. ప్రతి సైజుకీ ఎంత వెడల్పు రిమ్ము ఉండాలో టైరు కంపెనీలే రాసిపెడతాయి. 235/40ఆర్18 కి 8 నుంచి 9.5 అంగుళాలు, కొలత తీసేది 8.5 రిమ్ము మీద. నీది 7.5. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు వెడల్పు ఇంచుమించు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంటే నువ్వు డబ్బు పోసి కొన్న 20 మిల్లీమీటర్లలో పది షాపులోనే పోయాయి.

పోతే పోయాయి, దానికంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఇరుకు రిమ్ములో బీడ్లు (రిమ్ముని పట్టుకునే టైరు అంచులు) రెండూ దగ్గరికి నొక్కుకుపోతాయి, సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) నిటారుగా నిలబడకుండా పొట్ట వేస్తుంది, ట్రెడ్ (నేలకి ఆనే రబ్బరు) నడిమి భాగం ఉబ్బుతుంది. మలుపులో స్టీరింగ్ తిప్పగానే రిమ్ము కదులుతుంది గానీ ట్రెడ్ వెంటనే రాదు. వదులైన హవాయి చెప్పులేసుకుని పరిగెడుతూ గబుక్కున పక్కకి తిరిగితే ఎలా ఉంటుంది? కాలు తిరుగుతుంది, చెప్పు తిరగదు. 86 కొనుక్కున్నదే స్టీరింగ్ కోసం కదా, దాన్నే చెడగొట్టుకుంటావా?

ఇంకోటి. వెడల్పు టైరు వేస్తే నేలకి ఆనే చోటు బాగా పెరిగిపోతుందనుకుంటారు. కారు బరువు అదే, గాలీ అంతే అయితే అది పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. పొడుగు తగ్గి అడ్డం పెరుగుతుంది. మలుపులకి మంచిదే, రోడ్డు మీద నీళ్లు నిలిస్తే మాత్రం కాదు. మీ డాలస్ వానల గురించి నేను చెప్పాలా! పట్టు కావాలంటే ముందు మంచి రబ్బరు మీద ఖర్చు పెట్టు, వెడల్పు సంగతి తరవాత.

నన్నడిగితే 225/40ఆర్18. దానికి కనీసం 7.5 రిమ్ము చాలు, అంచు మీదే అయినా లెక్కలో ఉన్నట్టే. టైరు మొత్తం ఎత్తు 629 మిల్లీమీటర్ల నుంచి 637 అవుతుంది. 235/40 అయితే 645. మీటరు 70 చూపిస్తుంటే నువ్వు 72 దగ్గర పోతుంటావు, పోలీసుకి ఈ లెక్క చెప్పినా వినడు. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) కూడా చూసుకో. నీ పాతవి 85, అంటే టైరుకి 515 కిలోలు. అంతకన్నా తగ్గకూడదు. 225/40 మామూలుగా 92 లో దొరుకుతాయి.

కొనేముందు ముందు చక్రాల లోపలి వైపు స్ట్రట్‌కీ (స్ప్రింగు ఉండే సస్పెన్షన్ స్తంభం) టైరుకీ మధ్య సందు కొలువు. చెయ్యి పట్టకపోతే మెత్తటి బంకమన్ను లాంటిది స్ట్రట్‌కి అంటించి చక్రం తిప్పు. టైరు ఎక్కువైనదాన్ని గీకేస్తుంది, మిగిలిన మందమే నీ సందు.

కోన్‌గుద్దుడు:
బాబాయ్ చెప్పింది రోడ్డుకి సరిగ్గా సరిపోతుంది. ఆటోక్రాస్ దగ్గర నాది వేరే మాట. ఎస్‌సీసీఏ (అమెరికాలో ఈ పోటీలు నడిపే క్లబ్బు) స్ట్రీట్ క్లాసుల్లో రిమ్ము వెడల్పు కంపెనీదే ఉండాలి, టైరు మాత్రం ఆ రిమ్ముకి పట్టినంత వేసుకోవచ్చు, ట్రెడ్‌వేర్ (టైరు ఎంత మెల్లగా అరుగుతుందో చెప్పే అంకె) 200 కి తగ్గకుండా. అందుకే 7.5 మీద 245 నొక్కి ఎక్కించినవాళ్లు కనిపిస్తారు. 245/35ఆర్18 ఎత్తు మన పాతదానికి దాదాపు సమానం, గేరింగ్ కూడా మారదు. కానీ వాళ్లు ఆ సెట్టు మీద పిల్లాణ్ణి బడికి దింపరు. ఒక పరుగు అంటే నిమిషం. టైరు భుజం మీద సుద్దముక్కతో గీత గీస్తారు, పరుగయ్యాక అది ఎంతవరకు చెరిగిందో చూసి గాలి సర్దుతారు. గీత పూర్తిగా పోయిందంటే టైరు సైడ్‌వాల్ మీదకి దొర్లుతోందని, గాలి పెంచాలి. నువ్వు ఏ సైజు వేసినా ఈ సుద్ద పని చెయ్యి.

పోలోజీటీ_కూకట్‌పల్లి:
మనకి 86 చూసే భాగ్యం లేదు గానీ, పోలోకి 185/60ఆర్15 తీసేసి 195/60 వేశాను, కంపెనీ రిమ్ముల మీదే. స్పీడ్ బ్రేకర్ల దగ్గర అడుగు తగలడం తగ్గింది. స్టీరింగ్ కాస్త బరువెక్కింది, పికప్ కొంచెం మందగించింది. పది మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోవడమే మేలు అన్నా.

రావులపాలెం86:
నెల తరవాత వచ్చి చెప్తున్నా, ఏమీ అనుకోకండి.

బంకమన్ను కోసం వెతికే ఓపిక లేక చపాతీ పిండి ముద్ద తీసుకెళ్లి స్ట్రట్‌కి అంటించాను. అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది, గ్యారేజీలోకి తొంగి చూసి "తినే పిండి చక్రాలకి పూస్తావేంట్రా, దిష్టా?" అంది. చక్రం రెండు చుట్లు తిప్పి, ముద్దని ఊడదీసి చాకుతో కోసి స్కేలు పెడితే 18 మిల్లీమీటర్లు వచ్చింది. 225 వేస్తే అందులో ఐదు పోతాయనుకున్నా బోలెడు ఉంది. 225/40 వేయించాను. ఎక్కించం అన్న మొదటి షాపులోనే, కుర్రాడు ఈసారి మారు మాట్లాడలేదు.

స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి రివర్స్ చేశాను, ఎక్కడా రాసుకోలేదు. మొన్న శనివారం ఆటోక్రాస్‌లో సుద్ద గీశా. మొదటి పరుగు అయ్యేసరికి ముందు చక్రాల టైర్ల మీద గీత మొత్తం మాయం. మూడు పీఎస్ఐ పెంచాక సగం నిలబడింది, కారు ముక్కు కూడా చెప్పినట్టు తిరిగింది.

ఇక వెనక నుంచి చూస్తే అవే సైకిల్ టైర్లు. ఎవరికీ తేడా తెలియలేదు, మా ఆవిడకి బిల్లు తప్ప.