చేను కాపలాకు హెల్మెట్ నైట్ విజన్ గాగుల్స్ పనికొస్తాయా?

ప్రశ్న – కూకట్‌పల్లి నుంచి

ఉండేది కూకట్‌పల్లిలో. పరిగి దాటాక మాకు నాలుగెకరాల చేను ఉంది, మూడెకరాల్లో మొక్కజొన్న వేశాం. కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు దిగుతున్నాయి. నాన్నగారికి డెబ్బై దాటాయి కాబట్టి శని, ఆదివారాల కాపలా నాదే. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో కొట్టడానికి రేకు డబ్బా పట్టుకుని గట్ల వెంట తిరుగుతాను. టార్చి వేస్తే పక్క చేలోకి జారుకుంటాయి, ఆర్పితే మళ్లీ వస్తాయి. హెల్మెట్‌కు తగిలించుకుని రెండు కళ్లతో చూసే నైట్ విజన్ గాగుల్స్ ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి కదా అనిపించింది. కోఠిలో ఒక దుకాణంలో ఇరవై వేలకు ఒకటి చూపించి, మూడో తరానిది, సైన్యం వాడేదే అన్నారు. కొనవచ్చా? నా బైకు హెల్మెట్‌కే బిగించుకోవచ్చా?

జవాబు – మల్కాజిగిరి నుంచి

అవన్నీ ఎందుకండీ, థర్మల్ తీసుకోండి. ఒంటి వేడిని బట్టి చూపిస్తుంది కాబట్టి పంది, పాము, మనిషి ఏదీ తప్పించుకోదు.

జవాబు – సైనిక్‌పురి నుంచి

పంది, మనిషి వరకు నిజమే. పాము దగ్గర పొరబడ్డారు. పాముకు సొంత వేడి ఉండదు. నేల ఎంత వెచ్చగా ఉంటే అదీ ఇంచుమించు అంతే, కాబట్టి థర్మల్‌లో మట్టిలో మట్టిలా కలిసిపోతుంది. ఆ ధైర్యంతో ఎవరూ గట్టు దిగవద్దు.

ఇక కూకట్‌పల్లి వారికి. నేను సైన్యంలో చేసి వచ్చినవాడిని, ఈ గాగుల్స్ నెత్తిన పెట్టుకుని చాలా రాత్రులు నడిచాను. ఇరవై వేలకు మూడో తరం ఇస్తానంటే తులం బంగారం వంద రూపాయలకు ఇస్తానన్నట్టే. మొదటి తరం, రెండో తరం, మూడో తరం అనే లెక్క లోపల ఉండే ట్యూబుది. ముందు అద్దంలోంచి వచ్చిన కొద్దిపాటి వెలుతురు ఒక పలుచని పూత మీద పడి ఎలక్ట్రాన్లుగా మారుతుంది. రెండో తరం నుంచి, లక్షల సన్న రంధ్రాలున్న గాజు బిళ్ల వాటిని వేల రెట్లు చేస్తుంది. అవి ఫాస్ఫర్ తెరకు తగిలి ఆకుపచ్చగానో తెల్లగానో బొమ్మ కడతాయి. మూడో తరంలో ఆ పూత గాలియం ఆర్సెనైడ్. రెండు ట్యూబుల గాగుల్స్ ధర లక్షల్లో ఉంటుంది. అమెరికాలో చేసినవైతే అక్కడి ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ దేశం దాటవు. మన మచిలీపట్నం భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలోనూ నైట్ విజన్ పరికరాలు చేస్తారు, అయితే అవి సైన్యానికి, పోలీసు బలగాలకు వెళ్లే సరుకు.

మీకు చూపించింది డిజిటల్‌ది. చీకట్లో బాగా పనిచేసే కెమెరా, కంటి ముందు చిన్న తెర, పక్కన మన కంటికి కనిపించని వెలుగిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపం. తీసిపారేసే వస్తువేమీ కాదు, పేరే తప్పు. దుకాణానికి మళ్లీ వెళ్లి దాన్ని తలకు పెట్టుకుని ముందున్న ఎడమ అద్దాన్ని వేలితో మూయండి. ఎడమ కన్ను ఒక్కటే చీకటైతే కెమెరాలు రెండున్నట్టు. రెండు కళ్లూ ఒకేసారి చీకటైతే కెమెరా ఒక్కటే, దాని బొమ్మనే రెండు తెరల మీద వేస్తున్నారు. ఏమీ మారకపోతే మీరు మూసింది అద్దం కాదు, దీపం. ఫోను ముందు కెమెరాలోంచి చూడండి, ఊదారంగులో వెలుగుతుంటుంది.

కూకట్‌పల్లి నుంచి

సార్, వెళ్లి చూశాను. ఎడమది మూస్తే ఏమీ మారలేదు! ఫోనులో చూస్తే మీరన్నట్టే ఊదారంగు. దుకాణం అబ్బాయి కూడా వంగి చూసి, "ఇది దీపమా?" అని నన్నే అడిగాడు. అయినా మూడెకరాల చేనుకు ఇది చాలదా?

సైనిక్‌పురి నుంచి

కూర్చుని చూడటానికి చాలు. తిరగడానికి ఇదీ చాలదు, లక్షలు పోసి కొన్నదీ చాలదు.

ముందు అద్దాన్ని ఒక దూరానికే ఫోకస్ చేయగలం. వంద గజాల అవతల చెట్టు స్పష్టంగా ఉందంటే కాలి దగ్గర నేల అలికినట్టు ఉంటుంది. చాలా గాగుల్స్‌లో కనిపించేది నలభై డిగ్రీల మేర, అంటే పక్కచూపు పోయినట్టే. లోతు అంచనా మరీ తప్పుతుంది. మొదటిసారి నాకు పిల్లకాలువ నీడలా కనిపించింది, నీడే కదా అని అడుగు వేసి నడుము వరకు దిగాను. మీ వైపు గట్టు లేని పాత బావులు ఇంకా ఉన్నాయి. పందుల కోసం కరెంటు తీగలు లాగేవాళ్లూ ఉన్నారు. అది నేరం, అయినా లాగుతున్నారు. ఆ సన్న తీగ ఏ గాగుల్స్‌లోనూ కనిపిస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి.

కాబట్టి మంచె వేయండి. పైనుంచి చూడండి, దిగేటప్పుడు గాగుల్స్ పైకి ఎత్తి మామూలు టార్చి వేసుకుని, మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని దిగండి. తెర చూసిన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట పడుతుంది, వెంటనే చీకట్లో కాలు పెట్టవద్దు.

బైకు హెల్మెట్ వద్దు. నుదుటి దగ్గర గాగుల్స్ బిగించే పట్టీ ఉండదు, చెవులు మూసుకుపోతాయి. కాపలాలో సగం పని చెవులదే. కొండలెక్కేవాళ్లు వాడే తేలిక రకంలో ముందు పట్టీ బిగించినవి దొరుకుతాయి. అరకిలో బరువు ముందుకు వేలాడుతుంది కాబట్టి వెనక బ్యాటరీ పెట్టెనో చిన్న ఇసుక సంచినో కట్టుకోండి. లేకపోతే గంటకల్లా మెడ పట్టేస్తుంది.

తార్నాక నుంచి

నేను నక్షత్రాలు చూడటానికి అనంతగిరి వైపు రెండు ట్యూబులది తీసుకెళ్తుంటాను, మిత్రబృందం కలిసి కొన్నది. సర్దుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మొదట రెండు గొట్టాల మధ్య దూరం మీ కళ్లకు సరిపెట్టండి, రెండు వలయాలు కలిసి ఒకటిగా కనిపించాలి. తరువాత ఒక కన్ను మూసి, కంటివైపు చక్రం తిప్పండి. ట్యూబైతే మెరిసే సన్నని నలుసులు, డిజిటల్ అయితే తెర మీది అక్షరాలు పదునుగా కనిపించాలి. చక్రాన్ని ప్లస్ వైపు చివరిదాకా తిప్పి, నెమ్మదిగా వెనక్కి తెస్తూ మొదట స్పష్టమైన చోటే ఆపండి. ఇంకా తిప్పితే కన్ను శ్రమపడి సర్దుకుంటుంది, తెల్లవారేసరికి తలనొప్పి. రెండో కంటికీ అంతే. ముందు అద్దం ఫోకస్ చివర్లో, ఒక నక్షత్రం చుక్కగా కనిపించేదాకా. చాలామంది ముందు అద్దంతో మొదలుపెట్టి, బొమ్మ మసకగా ఉందని వస్తువును తిడతారు.

ట్యూబులది పగలు మూత తీసి వెలిగించకూడదు. ఎవరైనా మీ మీదికి లేజర్ కొడితే నల్లమచ్చ శాశ్వతం. మంచు, వానల్లో వాడితే తుడిచి, బ్యాటరీ తీసేసి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టండి. హైదరాబాద్ వానాకాలంలో అద్దాలకు బూజు పట్టడం ఎంతసేపు!

కూకట్‌పల్లి నుంచి

అదే డిజిటల్‌ది బేరమాడి తీసుకున్నాను, దీపంతో సహా. మొన్న శనివారం మంచె మీద కూర్చున్నాను. మొదట తెరంతా తెల్లగా వచ్చేసింది, పాడైందనుకున్నాను. చూస్తే దీపం వెలుగు ఎదురుగా రెండడుగుల్లో ఉన్న మొక్కజొన్న ఆకు మీద పడి తిరిగి కళ్లలో కొడుతోంది. ఆకులు కోసేస్తే సరిపోయింది. రెండు గంటల వేళ చేను అంచున రెండు కళ్లు దివిటీల్లా మెరిశాయి. డబ్బా అందుకుని వాయించబోయాను, అది మా పక్క చేను వాళ్ల కుక్క. పందులు మాత్రం కనిపించలేదు, పొద్దున చూస్తే అయిదారు కంకులు పోయాయి.

సైనిక్‌పురి నుంచి

వచ్చే ఉంటాయి, మీరు కళ్ల కోసం వెతికి ఉంటారు. కుక్క, పిల్లి, పశువుల కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది, పందికి ఉండదు. దాని కళ్లు అలా మెరవవు. కదిలే నల్లటి ముద్ద కోసం చూడండి, అంతకన్నా ముందు కంకి విరిగే చప్పుడు వినండి. వినపడగానే డబ్బా కొట్టండి, చాలు. తుపాకీ, ఉచ్చుల మాట ఎవరైనా ఎత్తితే వినవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మీ మీదే కేసు పడుతుంది.

కూకట్‌పల్లి నుంచి

సరే సార్. ఈ శనివారం నాన్నగారూ వస్తానంటున్నారు. గాగుల్స్ ఆయన ఒక్కసారి పెట్టుకుని చూసి తీసి ఇచ్చేశారు. "నాకు చప్పుడు చాలు, నువ్వు బొమ్మ చూసుకో" అన్నారు.