అప్‌డేట్: టంగుటూరు గోడౌన్ పైకప్పు

మా పొగాకు గోడౌన్ మీద పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు పగుళ్లిస్తున్నాయి, పర్యావరణానికి తక్కువ హాని చేసే కప్పు ఏదని ఆమధ్య అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. చివరికి తెల్ల రంగు స్టీల్ రేకులు వేయించాం.

ఉప్పుగాలికి తట్టుకుంటుందని ముందు అల్యూమినియం అనుకున్నాం. ఖనిజం నుంచి కొత్తగా తీస్తే దానికి కరెంటు విపరీతంగా కావాలి. పాత లోహాన్ని కరిగిస్తే అందులో 5 శాతం శక్తి చాలు. మాకు చూపించిన రేకుల్లో పాత లోహం ఎంతుందో ఏ షాపులోనూ చెప్పలేకపోయారు. అందుకే జింకుతో పాటు 55 శాతం అల్యూమినియం ఉన్న పూత వేసిన స్టీలు తీసుకున్నాం. తుప్పు మొదలయ్యేది అక్కడే కాబట్టి కోసిన అంచులకు పెయింట్ కూడా వేయించాను.

పాత రేకులు దించడమే పెద్ద టెన్షన్. మేస్త్రి సుత్తితో కొట్టేద్దామన్నాడు, ఒప్పుకోలేదు. ఆ దుమ్ము పీలిస్తే క్యాన్సర్ ముప్పు. నీళ్లతో తడిపి, హుక్కులు విప్పి, పగలకుండా తాళ్లతో దించారు. పశువుల కొట్టానికి ఇమ్మని ఒకాయన అడిగినా ఇవ్వలేదు. ప్లాస్టిక్‌లో చుట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే అప్పగించాం.

మధ్యాహ్నం వేడి తగ్గిందని హమాలీలే అంటున్నారు. వానకు చప్పుడు మాత్రం ఎక్కువే.