తస్య ...ోదరం జజ్ఞే: మధ్యలో ఉన్నది జ-నా, మ-నా, హ-నా?

పెరంబూరు పిల్లాడు: మా మావయ్యకి కొన్నాళ్లుగా పొట్ట ఉబ్బిపోతుంటే అందరం లివరే అనుకున్నాం, ఆయన మందు ముట్టని మనిషి. ఇక్కడే చెన్నైలో సూదేసి తీస్తే నీళ్లు పాలలా తెల్లగా వచ్చాయి, తర్వాత బయాప్సీలో లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అని తేలింది. కీమో నడుస్తోంది, నేనడిగేది అది కాదు. ఆ పొట్ట చూసి తాతయ్య "తస్య ...ోదరం జజ్ఞే, వరుణుడి బాకీ" అని గొణిగారు. జలోదరమా, మహోదరమా? ఆయన్నే అడుగుదామంటే చెవులు వినపడవు.

అగ్రహారం: రెండూ కాదు, హోదరం. ఋగ్వేదపు ఐతరేయ బ్రాహ్మణం ఏడో పంచిక, శునశ్శేపుడి కథ. 'హ' అనే ఊతపదం, ఉదరం కలిసి హోదరం. కొడుకు పుడితే నీకే బలిస్తానని మొక్కి వాయిదాలేసిన హరిశ్చంద్రుణ్ణి వరుణుడు పట్టాడు, పొట్ట పుట్టింది, అంతే. అందులో జలం దేవీభాగవతం నాటికి వచ్చి చేరింది.

మైలాపూర్ అత్త: గ్రంథంలో ఏముందో సరే నాయనా, తాతయ్య ఏమన్నారన్నది కదా ప్రశ్న. మద్రాసులో పెరిగినాయనైతే మహోదరమే అనుంటారు, ఇక్కడ తమిళవాళ్లు ఈ జబ్బుని మగోదరం అనే అంటారు.

అగ్రహారం: మహోదరుడంటే నాకు రావణుడి సేనాపతే గుర్తొస్తాడు అత్తా.

నైట్ డ్యూటీ: మధ్యలో దూరుతున్నా, డాక్టర్ని. లివర్ జబ్బులో నీళ్లు మామూలుగా ఎండుగడ్డి రంగులో పల్చగా ఉంటాయి. పాలలా వస్తే కైలస్ అసైటిస్. పేగుల నుంచి కొవ్వుని మోసే లింఫు నాళాల్ని గడ్డలు నొక్కేస్తే అది కడుపులోకి కారుతుంది, ఆ నీళ్లలో ట్రైగ్లిసరైడ్లు (ఒక రకం కొవ్వు) సాధారణంగా డెసిలీటరుకి 200 మిల్లీగ్రాములు దాటతాయి. టీబీ కూడా ఇలాగే చేస్తుంది కాబట్టి గడ్డ ముక్క తీసి చూడాల్సిందే. నీళ్లలో క్యాన్సర్ కణాలు దొరకనంత మాత్రాన లింఫోమా లేదని కాదు.

పదాల పిచ్చోడు: పాలు వస్తే జలోదరం ఎట్లా అవుతుంది సార్, క్షీరోదరం అనాలి.

అగ్రహారం: రసోదరం అనండి, ఆయుర్వేదంలో ఆహారం నుంచి పుట్టే మొదటి ధాతువు రసమే. చరకుడి ఎనిమిది ఉదర రోగాల్లో నీటిది ఉదకోదరం, సుశ్రుతుడు దాన్నే దకోదరం అన్నాడు.

పదాల పిచ్చోడు: రసోదరం అంటే మా ఇంట్లో చారు ఎక్కువ తాగినోడు అనుకుంటారు.

రంగస్థలం రావు: హరిశ్చంద్రుడు అని చూసి వచ్చా. బలిజేపల్లి వారి నాటకం అంతా విశ్వామిత్రుడి అప్పే, ఈ వరుణుడి బాకీ ఎక్కడిది? అసలు కాటిసీనులో నటుడు జాషువా పద్యం "ఇచ్చోటనే" అందుకుంటే ఇంకేం వినపడేది కాదు, ఆ పద్యాలు బలిజేపల్లివే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "నిప్పులలోన గరగిపోయె" అని గ నొక్కాలి, ఇప్పటివాళ్లు కరగిపోయె అని మింగేస్తున్నారు.

మైలాపూర్ అత్త: క అయినా గ అయినా గణం మారదు కదా రావుగారూ.

రంగస్థలం రావు: గణం మారదమ్మా, వన్స్‌మోర్ రాదు.

అగ్రహారం: బ్రాహ్మణంలో ఇంకో అందం ఉంది, ఆ కొడుక్కి బదులు బలికి కట్టిన శునశ్శేపుడు ఉషస్సుని స్తుతిస్తుంటే ఒక్కో ఋక్కుకీ పాశం వదులై హరిశ్చంద్రుడి పొట్ట తగ్గుతూ వస్తుంది.

పెరంబూరు పిల్లాడు: మావయ్యకీ ఒక్కో కీమోకి తగ్గుతోందండీ. నూనె, నెయ్యి మానమన్నారు, కొబ్బరినూనె వాడొచ్చా?

నైట్ డ్యూటీ: వీళ్లకి ఇచ్చే ఎంసీటీ (మీడియం చైన్ ట్రైగ్లిసరైడ్) నూనె లింఫులోకి పోకుండా ఎక్కువగా నేరుగా లివర్‌కి వెళ్తుంది. కొబ్బరినూనె అచ్చంగా అది కాదు, డైటీషియన్ని అడిగి వాడండి.

పెరంబూరు పిల్లాడు: సరే సార్. తాతయ్య మళ్లీ గొణిగితే ఫోన్లో రికార్డ్ చేసి పెడతా.

మైలాపూర్ అత్త: పెట్టు, మ వినపడకపోతే అప్పుడు మాట్లాడదాం.